నాన్నగారి తుపాకికి తుప్పు పట్టింది, తప్పు నాదేనా?

హైదరాబాద్ నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 43, స్కూల్లో టీచరు. మలక్‌పేట వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో భర్త, కొడుకుతో ఉంటున్నారు. మూడేళ్ల కిందట తల్లి పోయాక 76 ఏళ్ల తండ్రి నల్లగొండ వైపున్న సొంతూరు వదిలి కూతురి దగ్గరికి వచ్చేశారు. ఆయన వెంట రెండు తుపాకులు వచ్చాయి. ఒకటి 12 బోర్ డబుల్ బ్యారెల్, తండ్రి పేరున లైసెన్సు ఉంది. రెండోది ఆయన తాతగారి నాటిది, గొట్టం నోట్లోంచి మందు కూరే రకం. దానికి కాగితం ముక్క కూడా లేదు.

ప్రతి దసరాకీ తండ్రి ఆ రెంటినీ పూజలో పెట్టి, కొబ్బరినీళ్లు చల్లి, గొట్టం పొడవునా పసుపు కుంకుమ బొట్లు పెడతారు. పూజయ్యాక ఈవిడ కొబ్బరినూనె రాసి, పాత ముఖమల్ గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేవారు. ఈ జూన్‌లో అన్నగారు కొంపల్లిలో గృహప్రవేశం పెట్టుకుని, హాల్లో గోడకి తగిలిస్తానని పాత తుపాకిని తీసుకెళ్లారు. మెట్ల రెయిలింగులు పాలిష్ చేసే షాపులో ఇచ్చారు. సంగతి తెలిసి తండ్రి కేకలేసి వెనక్కి తెప్పించేసరికి సగం గొట్టం అద్దంలా మెరుస్తోంది, మిగతా సగం ఎప్పటిలాగే ముదురు గోధుమ రంగులో ఉంది. జూలైలో రెండు వారాలు ముసురు పట్టింది. మెరిపించిన సగమంతా నారింజ రంగు తుప్పు లేచింది. పాత సగానికి ఏమీ కాలేదు.

"కొబ్బరినూనె, ముఖమల్ గుడ్డ, అంతా నీ అశ్రద్ధే. మొత్తం పాలిష్ చేయించి పైన వార్నిష్ లాంటి లక్కర్ పూత కొట్టిస్తే అయిపోయేది. గోల్కొండ మీద ఫిరంగి మూడొందల ఏళ్ల నుంచి వానలో తడుస్తోంది, దానికేమైంది?" అంటున్నారట అన్నగారు. తండ్రి ఆయనతో మాట్లాడటం మానేశారు. రోజూ సాయంత్రం ఆ తుపాకిని ఒళ్లో పెట్టుకుని తువ్వాలుతో తుడుస్తూ కూర్చుంటున్నారు. "ఈ తుప్పు ఎలా ఆపాలి? బొట్లు పెట్టొద్దని నాన్నకి ఎలా చెప్పాలి? దసరా దగ్గరికొస్తోంది. తప్పు నాదేనా?" అని అడిగారు.

అమ్మా,

మీ ప్రశ్నలన్నిటికీ ముందు నేనొకటి అడగాలి. ఆ పాత తుపాకి ఖాళీదేనని మీలో ఎవరికైనా కచ్చితంగా తెలుసా? నోట్లోంచి మందు కూరే తుపాకుల్లో మందూ గుండూ లోపలే ఉండిపోవడం అరుదేమీ కాదు. ఎప్పుడో అడవిపందుల కోసం కూరి, పేల్చకుండా గోడకి ఆనించి ఉంటారు. సురేకారం, గంధకం, బొగ్గు కలిపి చేసిన ఆ నల్లమందు పొడిగా ఉంటే వందేళ్లయినా చావదు. రెయిలింగ్ షాపులో మెరుగుపెట్టే బఫింగ్ చక్రం కింద ఆ గొట్టం ఎంత వేడెక్కి ఉంటుందో తలచుకుంటే ఈ ఉత్తరం చదువుతుంటేనే నాకు టెన్షన్ వచ్చింది. ఏమీ కాలేదు, సంతోషం. ఇక నుంచి అది ఖాళీదని తేలేదాకా ఎండలో పెట్టొద్దు, వేడి చూపొద్దు, గొట్టంలో ఏదీ పొడవొద్దు, దాని నోరు మనుషుల వైపు తిప్పొద్దు. నాన్నగారి ఒళ్లో కూడా వద్దు. లైసెన్సున్న తుపాకుల మరమ్మతు మనిషి అయితే కర్రపుల్లని లోపలికి దింపి, ఆ లోతుని బయట గొట్టం పొడవుతో సరిచూస్తాడు. పుల్ల ముందే ఆగిందంటే లోపల ఏదో ఉన్నట్టు. దాన్ని తీయడం కూడా అతని పనే. అయితే కాగితం లేని తుపాకిని చేతపట్టుకుని అతని దగ్గరికి వెళ్లడంలో చిక్కుంది. దాని సంగతి కాసేపట్లో చెప్తాను.

ఇప్పుడు తుప్పు సంగతి. మీ ఇంట్లో ఇనప పెనం ఉండే ఉంటుంది. ఏళ్ల తరబడి దోసెలు పోసి నల్లబడిన పెనాన్ని కడిగి వదిలేసినా దానికేం కాదు. అదే పెనాన్ని ఎవరో మంచి చేద్దామని పీచుతో తెల్లగా తోమి తడి మీద వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రబడుతుంది. మీ తుపాకికి జరిగింది ఇదే. ఆ ముదురు గోధుమ పొర మురికి కాదు. ఆ కాలంలో గొట్టాలకి కావాలనే ఆ రంగు వేసేవాళ్లు. ఆమ్లం కలిసిన ద్రావణం పూసి పలచగా తుప్పు పట్టనిచ్చి, రుద్ది, మళ్లీ పూసి, చివరికి మరిగే నీళ్లతో కడిగి ఆపేవాళ్లు. అలా కట్టిన పొర గట్టిగా అతుక్కుని కింది ఇనుముని కాపాడుతుంది. మీ గొట్టానికి అలాగే వేశారో, వందేళ్ల వాడకంతో తనంతట అదే కట్టుకుందో చూడకుండా చెప్పలేను. ఏదైనా అది చేసే పని ఒకటే. బఫింగ్ చక్రం ఆ పొరని లేపేసి పచ్చి ఇనుముని గాలికి వదిలింది. గాలిలో తేమ సుమారు 60 శాతం దాటితే పచ్చి ఇనుము వేగంగా తుప్పు పడుతుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా మన ఊళ్లో చాలా రోజులు 70 కూడా దాటుతుంది.

అన్నయ్య చెప్పిన గోల్కొండ ఫిరంగి మాటకి జవాబు కావాలి, ఎందుకంటే ఆ మాట తీసిపారేసేది కాదు. ఆ కోటలోని పేట్లబుర్జు మీద ఉన్న, 1687లో ఔరంగజేబు ముట్టడి నాటి పెద్ద ఫిరంగి కంచుది. రాగి కలిసిన లోహానికి పట్టేది చిలుము, ఇనుముకి పట్టేది తుప్పు. చిలుము చాలావరకు పొరలా కట్టి ఆగిపోతుంది. తుప్పు అలా ఆగదు, పొరలు పొరలుగా రాలి కింద కొత్త ఇనుముని తినడానికి దారి చేసుకుంటుంది. మన భాషలో ఈ రెంటికీ వేరువేరు మాటలుండటం ఊరికే కాదు. మీ తుపాకి కంచుది కాదని ఆయనకి చెప్పండి.

తప్పు ఎవరిదంటారా? సూటిగా చెప్తాను, ఏమీ అనుకోవద్దు. ఎక్కువ పాలు ఆ పాలిష్‌ది. మీ పాలూ కొంత ఉంది. ముఖమల్ గుడ్డ వానాకాలం తేమని పీల్చి లోహానికి అంటిపెట్టి ఉంచుతుంది. కొబ్బరినూనె కొన్నాళ్లకి కంపుకొట్టి, అందులో పుట్టే ఆమ్లాలు ఇనుముని మెల్లగా కొరుకుతాయి. చలికాలంలో గడ్డకట్టి ఒకచోట మందంగా, ఇంకోచోట అసలు లేకుండా మిగులుతుంది. అయినా పాత సగం మీ చేతుల్లో ఇన్నేళ్లు బాగానే ఉందంటే మీరు అశ్రద్ధ చేయలేదనే అర్థం. ఇక నాన్నగారి పాలు, ఇది చెప్పడానికి నాకే కష్టంగా ఉంది. కొబ్బరినీళ్లలో ఉప్పులుంటాయి. తడిపి పెట్టిన బొట్టు ఎండినా అక్కడ పొడి ఉండిపోయి, ముసురులో మళ్లీ తేమ పట్టుకుంటుంది. గొట్టం మీద బొట్లు పెట్టే చోట్లని భూతద్దంతో చూడండి. వరసగా చిన్న చిన్న గుంటలు కనబడితే కారణం అదే. ఇప్పుడు రోజూ తువ్వాలుతో తుడవడంలో చేతి చెమట కూడా తోడవుతోంది. ఆ చెమటలో ఉన్నదీ ఉప్పే.

ఇప్పుడు ఆ మెరిసిన సగాన్ని ఏం చేయాలి? మీ ముందు మూడు దారులున్నాయి.

అన్నయ్య అన్నట్టు మిగతా సగం కూడా పాలిష్ చేయించడం ఒక దారి. రెండు సగాలూ ఒకేలా కనబడతాయి, ఆ మాట నిజం. కానీ మిగిలిన కాపుదల పొర పోతుంది, గొట్టం మీద అచ్చులు, అక్షరాలు ఏవైనా ఉంటే అరిగిపోతాయి, వాటిని ఇంకెవరూ తిరిగి తేలేరు. పైన కొట్టే లక్కర్ ఎక్కడో ఒకచోట గీసుకుంటుంది. ఆ సందులోంచి తేమ దూరి లక్కర్ కింద తుప్పు పాకుతుంది, పైనుంచి తుడిస్తే అందదు. పాతికేళ్ల కిందట మా మేనమామ గారింట్లో ఒక పాత కత్తిని నేను చింతపండుతో తోమి తళతళలాడించాను. పిడి దగ్గర సన్నటి బంగారు తీగతో ఏవో అక్షరాలుండేవి. తోముడుకి అవి లేచిపోయాయి. అది ఎవరి పేరో చెప్పగలిగినవాళ్లు ఈ రోజు ఎవరూ లేరు. అందుకే ఈ దారి వద్దని మనస్ఫూర్తిగా అంటున్నాను.

లైసెన్సున్న పనివాడి చేత పచ్చి సగానికి మళ్లీ గోధుమ రంగు వేయించడం రెండో దారి. చేయి తిరిగినవాడైతే రంగు దాదాపు కలుస్తుంది, కొంత రక్షణా దొరుకుతుంది. కానీ అదీ రసాయనాల పనే, ఒకసారి వేస్తే వెనక్కి తీసుకోలేరు. పాత వస్తువుగా దాని విలువ తగ్గొచ్చు. నాన్నగారు ఒప్పుకుంటేనే ఈ పని చేయండి, అదీ వానలు పోయాక.

మూడోది, రంగు తేడాని అలాగే ఉంచి తుప్పుని మాత్రం ఆపడం. సగం మెరుస్తూ సగం మాసి కనబడుతుంది, అన్నయ్యకి చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. కానీ ఇందులో ఏదీ పోదు, రేపు మనసు మార్చుకుంటే రెండో దారి తెరిచే ఉంటుంది. నా మొగ్గు దీనివైపే.

ఇదయితే ఇంట్లోనే చేసుకోవచ్చు, తుపాకి ఖాళీదని తేలాక. మెడికల్ షాపులో నైట్రైల్ గ్లవ్స్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరుకుతాయి. ముందు తెల్లటి నూలుగుడ్డకి రెండు చుక్కలు కుట్టుమిషన్ నూనె అద్ది గొట్టం మొత్తం మెల్లగా తుడవండి. గుడ్డకి నారింజ పొడి అంటిన చోట తుప్పు ఇంకా పని చేస్తోంది. ఏమీ అంటని గోధుమ భాగం జోలికి వెళ్లొద్దు. తుప్పున్న చోట అదే నూనె రాసి రాత్రంతా వదిలేయండి. తెల్లారి గుడ్డతో రుద్దండి, గుంటల్లో ఉన్నదాన్ని వెదురు పుల్లతో తీయండి. అప్పటికీ మిగిలితే నాలుగు సున్నాల నంబరున్న అతి సన్నటి స్టీల్ ఊల్‌ని నూనెలో ముంచి పాలిష్ చేసిన సగం మీద మాత్రమే వాడండి. దాని సన్నటి ముక్కలు అక్కడే మిగిలిపోతే అవే తుప్పు పడతాయి, శుభ్రంగా తుడిచేయాలి. గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచు, గరుకు కాగితం, నిమ్మకాయ, చింతపండు, వెనిగర్, ఇత్తడి సామాను పాలిష్, ఇవేవీ దగ్గరికి రానీయొద్దు.

తుప్పు పోయాక ఆల్కహాల్ అద్దిన గుడ్డతో, గుడ్డ తెల్లగా వచ్చేదాకా నూనె తుడిచేయాలి. కిటికీలు తీసి, పొయ్యి ఆర్పి చేయండి, అది మండే ద్రవం. ఆరిన తర్వాత మైనం. తేనెమైనంలో కొద్దిగా ఆమ్ల గుణం ఉంటుంది కాబట్టి అది వద్దు. పెట్రోలియం నుంచి తీసే మైక్రోక్రిస్టలిన్ మైనం కావాలి. 1950ల్లో బ్రిటిష్ మ్యూజియం ప్రయోగశాలలో తయారైన రినైసాన్స్ వ్యాక్స్ ఆ రకమే, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఖరీదనిపిస్తుంది కానీ చిన్న డబ్బా ఏళ్లు వస్తుంది. శనగగింజంత మైనంతో జానెడు గొట్టానికి పలచగా పట్టించి, పావుగంట ఆగి మెత్తటి గుడ్డతో తుడవండి. మర్నాడు ఇంకో పూత. మైనం నూనెలా జారదు, దుమ్ము పట్టదు. ఏడాదికోసారి, ఏప్రిల్, మే నెలల్లో గాలి పొడిగా ఉన్నప్పుడు మళ్లీ పూస్తే చాలు. ఈ ఏడాదికి మాత్రం వాన లేని రోజు చూసి ఇప్పుడే చేయాలి.

చాలామంది డబ్ల్యూడీ-40 కొట్టి వదిలేస్తారు. దాని పేరుకి అర్థమే నీటిని తోసేసేది అని. తడిసిన ఇనుము మీద ఆ పని బాగా చేస్తుంది, కానీ మిగిలే పొర పలచన, ఏడాది కాపలాకి చాలదు. 12 బోర్‌కి మాత్రం కదిలే భాగాలుంటాయి కాబట్టి గన్ ఆయిలే వాడాలి, పలచగా. ఎక్కువ పోస్తే మెల్లగా కిందికి దిగి కర్ర భాగాన్ని నానబెట్టి మెత్తబరుస్తుంది. నిలబెట్టి ఉంచేవాళ్లు నోరు కిందికి పెట్టేది అందుకే. ఆ పని నాన్నగారే చేయాలి, లేదా ఆయన ఎదుట జరగాలి, ఎందుకంటే లైసెన్సు ఆయనది.

ముఖమల్ గుడ్డ తీసేయండి. తోలు సంచి, న్యూస్‌పేపర్, గాలాడని ప్లాస్టిక్ కూడా వద్దు. ఉతికిన తెల్లటి నూలుగుడ్డ వదులుగా కప్పండి. బీరువా బాత్రూం గోడకి ఆనుకుని ఉంటే అక్కడి నుంచి జరపండి. తాళం వేసే బీరువాలో ఒక చిన్న తేమ మీటరు పెట్టి, తేమ పీల్చే సిలికా జెల్ సంచులతో తేమని 45, 55 శాతం మధ్య ఉంచండి. మరీ ఎండబెడితే కర్ర పగులుతుంది. నీలం రంగు సిలికా జెల్ గులాబీ రంగుకి మారితే నిండిందని గుర్తు. ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర ఎండబెడితే మళ్లీ పనికొస్తుంది, కానీ అదే సమయంలో అందులో వంట పెట్టకండి. ఇంకోటి, ఏసీ గదిలోంచి తీసి తలుపు తెరిచిన హాల్లోకి తెస్తే ఫ్రిజ్ లోంచి తీసిన స్టీలు గ్లాసుకి పట్టినట్టే దానికీ చెమట పడుతుంది. కొంపల్లి ఇంటి హాలు గోడ గురించి నాకున్న పెద్ద భయాల్లో ఇదొకటి. వచ్చిన ప్రతివాళ్లూ ముట్టుకోవడం రెండోది.

కాగితాల సంగతికొస్తే, ఇది వాయిదా వేసేది కాదు. 1959 ఆయుధాల చట్టంలో, పాతకాలపు రకమై, బాగుచేసినా తుపాకిగా పనికిరాని వాటికి మినహాయింపు ఉంది. మీది ఆ కోవలోకి వస్తుందో లేదో మీరో నేనో తేల్చుకుంటే చెల్లదు. హైదరాబాద్‌లో లైసెన్సులిచ్చేది పోలీస్ కమిషనర్. ముందు ఒక వకీలుని కలిసి, ఫొటోలతో, అది వంశంలో ఎలా వచ్చిందో రాసి దరఖాస్తు పెట్టండి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. దాన్ని పరీక్షకి ఎక్కడికి, ఎలా తీసుకెళ్లాలో కూడా అక్కడే అడగండి. లోపల మందు ఉండొచ్చన్న అనుమానాన్ని మొదటి మాటగా చెప్పండి. కొన్నాళ్లు పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్సున్న డీలర్ దగ్గరో ఉంచమనొచ్చు. నాన్నగారికి అది బాధే. ఇలా చేయకుండా ఊరుకుంటే, రేపు ఆయన తర్వాత ఆ ప్రశ్న మీ మీదికో అన్నయ్య మీదికో వస్తుంది. రెయిలింగ్ షాపులాంటి చోట్లకి మాత్రం ఇక ఏదీ వెళ్లకూడదు. తుపాకి మరమ్మతుకి కూడా లైసెన్సు కావాలి.

12 బోర్ విషయంలో మీకు వీలుంది. 2016 ఆయుధాల నియమాల ప్రకారం 70 దాటిన లైసెన్సుదారు బతికుండగానే తన వారసుల్లో ఒకరిని ఎంచుకుని, వాళ్ల పేరున లైసెన్సుకి పెట్టవచ్చు. ఇచ్చేదీ లేనిదీ అధికారుల చేతిలో ఉంటుంది. మీకు తుపాకి మీద ఇష్టం లేదని ఉత్తరంలో రాశారు. అయితే అన్నయ్య పేరే పెట్టించండి. లైసెన్సు తుపాకిని గోడకి తగిలించకూడదు, తాళంలో ఉండాలి. ఆ బాధ్యత తనమీద పడితే ఆయనకీ ఈ పనిలో భాగం దొరుకుతుంది. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆయన కోరిక మెరుపు కాదనిపించింది. నాన్న కూతురి ఇంట్లో ఉన్నారు, తుపాకులూ అక్కడే ఉన్నాయి. కొత్త ఇంట్లో తండ్రి గుర్తుగా ఒక్కటైనా ఉండాలని కొడుక్కి అనిపించదా? ఊళ్లో తీసిన పాత ఫొటో ఏదైనా ఉంటే పెద్దది చేయించి ఆ హాలు గోడకి ఇవ్వండి.

ఒక ఆదివారం ముగ్గురూ కలిసి సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్లండి. ఆయుధాల గ్యాలరీలో అద్దాల వెనక ఉన్న ఉక్కుని అన్నయ్యనే దగ్గరగా చూడమనండి. మాట్లాడుకోని ఇద్దరు ఒకే అద్దంలోకి చూస్తూ నిలబడితే మొదటి మాట దానంతట అదే రావొచ్చు. రాకపోయినా బలవంతం చేయకండి.

పాత తుపాకిని మ్యూజియంకే ఇచ్చేయడం కూడా ఒక దారి. తీసుకునేదీ లేనిదీ వాళ్ల ఇష్టం, తీసుకుంటే తిరిగి రాదు, జనానికి చూపిస్తారన్న హామీ ఉండదు. నాన్నగారు తనంతట తాను ఆ మాట అంటే తప్ప మీరు ఎత్తొద్దు.

ఇక బొట్ల సంగతి. యాభై ఏళ్లుగా చేసే పూజని తప్పని చెప్తే ఆయనకి ఏమీ మిగలదు. "మానేయండి" అనకండి, చోటు మార్చండి. తుపాకుల కింద కొత్త గుడ్డ పరిచి, వాటి ముందు తమలపాకులు వరసగా పెట్టి, పసుపు కుంకుమ ఆ ఆకుల మీద పెట్టమనండి. తుపాకి పెట్టెకి బొట్టు పెడితే ఇబ్బందేమీ లేదు. కొబ్బరికాయ గుమ్మం దగ్గర కొట్టించండి. ఆ మాట కూడా మీరు చెప్పేకంటే, భూతద్దం ఆయన చేతికిచ్చి ఆ గుంటల వరసని ఆయన్నే చూడనివ్వండి. వాటి మధ్య ఎడం ఆయన వేళ్లకి తెలుసు.

రోజూ సాయంత్రం తువ్వాలుతో తుడవడం మాన్పించి, ఆ చేతులకి వేరే పని ఇవ్వాలి. దసరాకి ఇంకా కొన్ని వారాలుంది. కాగితాల పని తేలి, తుపాకి ఖాళీదని రూఢి అయి, అది ఇంట్లోనే ఉంటే, రెండో పూత మైనం నవమి ఉదయానికి ఆపి ఉంచండి. స్నానం చేసి వచ్చాక ఆయనకి గ్లవ్స్ తొడిగి, డబ్బా మూత తీసి ముందు పెట్టండి. గొట్టం అవతలి కొస పట్టుకోమని అన్నయ్యని పిలవండి.